శాంతి నగర్ బాల్వాడీలో కిచిడీ

నిన్న వరాలా తలావ్ చెరువు పక్కనుంచి వస్తుంటే ఎవరింట్లోనో పెసరపప్పు కిచిడీ ఉడుకుతున్న వాసన వచ్చింది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. చిన్నప్పుడు శాంతి నగర్ బాల్వాడీలో నాతో కూర్చున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది: రేకుల గది, చిరిగిన చాప, సొట్టలు పడ్డ స్టీలు పళ్లాలు, గోడ అవతల ఆగకుండా బట్ట నేసే సాంచాల చప్పుడు. అందరికీ వడ్డించేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదని మన తెలుగు టీచర్ నేర్పింది. నోరూరుతున్నా ఆగేవాళ్లం.

నా పక్కన రజిత కూర్చునేది. వాళ్ల నాన్నకు కార్ఖానాలో పని పోయింది. ఒకరోజు రజిత సగమే తిని, మిగిలింది గౌనులో మూటగట్టుకుంటుంటే టీచర్ చూసింది.

"ఎవరికే అది?"

"తమ్మునికి. వానికింక పెట్టలే కద టీచర్."

టీచర్ అప్పటినుంచి వాడికి గిన్నెలో వేరుగా పెట్టిచ్చేది.

వానలు మొదలయ్యేసరికి బాల్వాడీ మూతపడింది. ఆ గదిలోనూ సాంచాలు పెట్టారు. ఆ వానల్లోనే జ్వరమొచ్చి రజిత తమ్ముడు చనిపోయాడు.

మా అమ్మ అన్నం వండి వాళ్లింటికి తీసుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. అమ్మ రజిత ముందు పళ్లెం పెట్టి, "తిను బిడ్డా, పొద్దుగాల్నుంచి ఏం తినలే" అంది.

రజిత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "తమ్ముడు రానీ పెద్దమ్మా. వానికి పెట్టినంకనే తింట."

వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయింది. మా అమ్మ ఎంత బతిమాలినా ఆ పిల్ల ముద్ద ముట్టలేదు. ఆకలితోనే గోడకు ఆనుకుని నిద్రపోయింది.