అరవై నాలుగు గారి కిటికీ

మాంగ్ ఇమో ఎవర్నీ పేరుపెట్టి పిలవడు. నాడి పెట్టి పిలుస్తాడు. ఆ దీవిలో పెద్దవాళ్ళని మర్యాదగా, మగవాళ్ళైతే మాంగ్ అనీ ఆడవాళ్ళైతే అలింగ్ అనీ అంటారు.

కల్లు గీసే తీబో ఆయనకు డెబ్బై రెండు. తీబో బావమరిది ఉస్తే డెబ్బై ఎనిమిది. కొబ్బరితోటల అంచున సారాబట్టీ నడిపే అలింగ్ ఇసింగ్ అరవై నాలుగు. అంటే నిమిషానికి ఆమె గుండె అరవై నాలుగు సార్లు కొట్టుకుంటుందని. ఆడమనిషి కాబట్టి, పైగా బట్టీ యజమానురాలు కాబట్టి, అరవై నాలుగు గారూ అంటాడు.

ఒకసారి ఉస్తే కూతురి జ్ఞానస్నానానికి ఇమో జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. బిడ్డ పేరేమిటని ఫాదరు అడిగాడు. ఇమో చేతిలో బిడ్డ మణికట్టు ఉంది. "నూట ముప్పై రెండు, ఫాదర్" అన్నాడు. బిడ్డ తల్లి చర్చిలోనే ఏడుపు లంకించుకుంది. ఫాదరు నవ్వు దాచుకోవడానికి వెనక్కి తిరిగి, కావలసినదానికన్నా ఎక్కువ నీళ్ళు పోశాడు. ఆ పిల్లకిప్పుడు తొమ్మిదేళ్ళు. బడిలో తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. నాడి ఏనాడో తొంభైకి దిగినా ఊరు మాత్రం సవరించుకోలేదు.

ఇమో దగ్గర గడియారం లేదు. నలభై ఏళ్ళు ఊరి బ్యాండులో పెద్ద డప్పు కొట్టిన మనిషి. నిమిషం ఎంత పొడవో ఆయన ఎముకలకు తెలుసు. చూపుడువేలూ నడిమివేలూ మణికట్టు మీద ఆనించి, కళ్ళు మూసుకుని, లోలోపల ఏదో ఊరేగింపు నడుపుకుంటాడు. అరవై అయితే గుడ్‌ఫ్రైడే నడక. ఎనభై దాటితే ఫియెస్తా, ఊరి పండగ. తొంభై దాటితే పెళ్ళి. నూరు దాటితే, "ఇది ఊరేగింపు కాదు, ఏనుగు తప్పించుకుంది" అంటాడు. ఆ దీవిలో ఎవరూ ఏనుగును చూసినవాళ్ళు లేరు. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ డప్పు కొట్టాడు గానీ తన పెళ్ళికి కొట్టుకునే తీరిక ఆయనకు దొరకలేదు.

ఇదంతా మామూలు రోజుల సంగతి. అసలు తంటా సాయంత్రం మొదలయ్యేది.

సాయంత్రం కల్లు దించడం అయ్యాక, ఇసింగ్ బట్టీ ముందు బల్లల మీద ఏడుగురు చుట్టూ కూర్చుంటారు. ఏడుగురికీ ఒకటే గ్లాసు. వంచేవాడు ఒకడే. ఆ ఒకడు ఎనిమిదోవాడు, ఇమో. కొబ్బరికల్లు కాచి దించిన లంబనోగ్, చూడ్డానికి వాననీళ్ళలా ఉంటుంది, గొంతులో దిగేటప్పుడు మాత్రం తన పేరు చెప్పి దిగుతుంది. వంచినవాడు గ్లాసు ఎత్తి "ఇదిగోనండి" అంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు "ఒంటికి పట్టాలండి" అంటారు. గ్లాసు వచ్చాక వద్దనడం లేదు. వద్దన్నవాడు గ్లాసును కాదు, చుట్టూ ఉన్నవాళ్ళందర్నీ వద్దన్నట్టు.

ఇమో అందరి నాడీ చూసిగానీ వంచడు. గ్లాసు తిరిగే ప్రతి చుట్టుకీ ఏడు నిమిషాలు, మాటల్లేకుండా. మధ్యలో ఎవరైనా దగ్గితే మళ్ళీ మొదటినుంచి. ఆ బల్లల దగ్గర తాగినంతసేపు కన్నా చెయ్యి చాపుకుని కూర్చున్నంతసేపే ఎక్కువని తీబో మొత్తుకునేవాడు. మూడో చుట్టుకి డెబ్బై రెండు కాస్తా ఎనభై ఒకటి అయ్యేది. ఐదో చుట్టుకి తొంభై. "చూశావా, నువ్వు కూర్చునే ఉన్నావు. నీ గుండె మాత్రం కొండెక్కుతోంది" అనేవాడు ఇమో.

అక్కడితో వదిలినా బాగుండేది. తెల్లవారుజామున, కోళ్ళకన్నా ముందు, ఇంటింటి కిటికీ దగ్గరికీ వచ్చేవాడు. తాగి పడుకున్న గుండె రాత్రంతా నడుస్తూనే ఉంటుందని, తెల్లారినా పూర్తిగా కుదుటపడదని ఆయన కనిపెట్టాడు. అది పట్టుకోవాలంటే మనిషి లేవకూడదు, మాట్లాడకూడదు, పెళ్ళాంతో పోట్లాడకూడదు. వెదురు రెక్క ఎత్తి చెయ్యి లోపలికి పెట్టేవాడు. ఒకసారి చీకట్లో ఉస్తే పెళ్ళాం చెయ్యి పట్టుకుని పూర్తిగా లెక్కపెట్టి, "నువ్వు రాత్రి బాగా నిగ్రహించుకున్నావు, డెబ్బై ఎనిమిదీ" అని మెచ్చుకుని వెళ్ళాడు.

ఆఖరి కిటికీ ఇసింగ్‌ది. ఆమె తాగదు. సీసా ఊపి, పైన లేచే బుడగలు ముత్యాల్లా అంచున ఎంతసేపు నిలుస్తాయో చూసి సారా ఘాటు చెప్పేస్తుంది. నాలుకకు తగలనివ్వదు. మరి ఆమె నాడి ఎందుకయ్యా అంటే, తాగనివాళ్ళది ఒకటి ఉండాలి కదా, పోల్చి చూడ్డానికి, అనేవాడు ఇమో. పదకొండేళ్ళుగా అదే జవాబు.

పదకొండేళ్ళ కింద ఇసింగ్ భర్త పోలోన్ వెదురు వంతెన మీంచి పడి చనిపోయాడు. అక్కడ కల్లు గీసేవాళ్ళు చెట్టు చెట్టుకీ ఎక్కి దిగరు. ఒక చెట్టెక్కి, చెట్ల తలల మధ్య కట్టిన వెదుళ్ళ మీద ఆకాశంలోనే నడిచిపోతారు. ముందురోజు సాయంత్రం పోలోన్ ఆరు చుట్లు తాగాడు. వంచింది ఇమోనే. అంతవరకూ ఇమో కూడా అందరిలాగే వంచేవాడు, నవ్వేవాడు, ఎవరి నాడీ చూసేవాడు కాదు.

సమాధి చేసిన మూడో రోజు తెల్లవారుజామున ఇసింగ్ కిటికీ మీద చప్పుడైంది. బయట ఇమో, టోపీ చేతిలో పట్టుకుని. చెయ్యి అడిగాడు. పిచ్చెక్కిందేమో అనుకుంది. కాదనే ఓపిక కూడా లేక చాపింది. "తొంభై నాలుగు" అని, "రేపు మళ్ళీ చూడాలి" అని వెళ్ళిపోయాడు. ఆ రేపు కోసం ఆమె కిటికీ తెరిచింది. ఆ మర్నాడు కూడా. తొంభై నాలుగు నుంచి అరవై నాలుగుకి దిగడానికి పద్నాలుగు నెలలు పట్టింది. దిగిన రోజు కూడా ఇమో ఎప్పటిలాగే వచ్చాడు. అంకె చెప్పి, టోపీ పెట్టుకుని వెళ్ళాడు. ఆ రోజు నుంచి ఇసింగ్ అన్నం రుచి తెలిసి తినడం మొదలుపెట్టింది.

అలా ఉండగా ఆరోగ్యకేంద్రానికి కొత్త నర్సు వచ్చింది. పేరు రోవేల్యా. మంచి పిల్ల, చురుకైనది. ఇమో గురించి విని, తన గడియారంతో పరీక్ష పెట్టి, ఒక్క దెబ్బ కూడా తేడా రాకపోయేసరికి నోరు వెళ్ళబెట్టింది. మెచ్చుకోలుగా ఆయనకు సాయం చేద్దామనుకుంది. ఎక్కడెక్కడో అడిగి, మణికట్టుకు కట్టుకునే పట్టీలు ఏడు తెప్పించింది. కట్టుకుంటే చాలు, నాడి దానంతటదే ఎర్రటి అంకెల్లో వెలుగుతుంది. ఇక పెద్దాయన తెల్లవారుజామున మంచులో తిరగనక్కర్లేదని సంతోషంగా చెప్పింది.

ఇమో తన మణికట్టుకు ఒకటి కట్టి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. "బాగా లెక్కపెడుతోంది" అన్నాడు. విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి బట్టీకి రాలేదు. ఏ కిటికీకీ రాలేదు.

కొన్నాళ్ళు ఊరికి పండగే. వంచే పని ఉస్తే తీసుకున్నాడు. చుట్టు చుట్టుకీ ఏడు నిమిషాలు మిగిలాయి. తీబో తన పందెంకోడి కాలికి పట్టీ కట్టాడు, అది కాసేపు ఏవేవో అంకెలు చూపించి, సిగ్గుపడ్డట్టు ఆరిపోయింది. ఎవరి అంకె ఎంత పైకి పోతుందో పోటీలు పెట్టుకున్నారు. అంకె అందరికీ కనిపిస్తోంది కాబట్టి తగ్గడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

ఇసింగ్ మాత్రం తెల్లవారుజామున లేచి, మళ్ళీ పడుకుని, లేవనట్టు కదలకుండా ఉండేది. చెయ్యి దానంతటదే కిటికీ వైపు పోయేది. బయట మంచు కొబ్బరాకుల మీంచి జారి ఒక్కొక్క చుక్కా పడేది. ఆమెకు తెలియకుండానే ఆ చుక్కలు లెక్కపెట్టేది. అరవై, అరవై ఒకటి, అరవై రెండు. ఎవరూ చెప్పని అంకె మనిషిలో ఎక్కడో చెమ్మలా ఊరుతుందని ఆమెకు అంతవరకూ తెలియదు. తన చెయ్యి ఎంత బరువుంటుందో కూడా తెలియదు. పదకొండేళ్ళు రోజుకో నిమిషం దాన్ని వేరెవరో మోశారు.

వంకాయలు ఇచ్చే నెపంతో ఇమో ఇంటికి వెళ్ళింది. ఆయన డప్పుకి కొత్త తోలు బిగిస్తున్నాడు. ఇద్దరూ వంకాయల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. బట్టీకి రమ్మంటే, యంత్రం ఉంది కదా అన్నాడు.

ఆమెకు ఇంకో సంగతి తెలుసు. చెప్పడానికి లేదు. బట్టీ పక్క నుంచి చూస్తూ ఏళ్ళ కిందటే పసిగట్టింది. గ్లాసులోకి ఎత్తునుంచి వంచినప్పుడు సారా అంచున ముత్యాలు కడుతుంది. ఒక్కోసారి, ఒక్కొక్కరికి, కట్టేది కాదు. ఇమో బల్ల కింద రెండో సీసా ఉంది. అందులో ఉన్నవి బావి నీళ్ళు. నాడి తొంభై దాటినవాడికి అది వంచి, అదే గౌరవంతో "ఇదిగోనండి" అనేవాడు. పుచ్చుకున్నవాడు తన ఒక్కడికే ఈ అవమానం జరిగిందనుకుని, గొంతు మండినట్టు మొహం పెట్టి, మూతి తుడుచుకుని నోరు మూసుకునేవాడు. పదకొండేళ్ళలో ఆ బల్లల మీద నీళ్ళు తాగని మగాడు లేడు. ఆ సంగతి చెప్పిన మగాడూ లేడు.

మంగళవారం పొద్దున్న, ముందురాత్రి తాగింది దిగకుండానే చెట్టెక్కిన తీబో వెదురు వంతెన మధ్యలో కూర్చుండిపోయాడు. ముందుకూ రాడు, వెనక్కీ పోడు. చేతి పట్టీ మీద నూట ఎనిమిది వెలగడం కింద నుంచి కూడా కనిపించిందని తర్వాత అందరూ చెప్పుకున్నారు. దించడానికి గంట పట్టింది. ఇసింగ్ కింద నిలబడి చూసింది. పదకొండేళ్ళ కింద కూడా అక్కడే నిలబడింది.

ఆ సాయంత్రం ఆమె గరిట కింద పెట్టి, పావడాకు చేతులు తుడుచుకుని, వచ్చి బల్ల మీద కూర్చుంది. ఏడుగురూ గతుక్కుమన్నారు.

"ఈ రోజు నేనూ తాగుతాను" అంది.

ఉస్తే సీసా ఎత్తాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నీ చేత్తో కాదు. మాంగ్ ఇమో వంచితేనే తాగుతాను."

"పట్టీ కట్టుకో అక్కా, అదే చూపిస్తుంది" అన్నాడు తీబో, పొద్దుటి నుంచి నోరు లేవని తీబో.

"చూపిస్తుంది తమ్ముడూ. వంచదు కదా."

ఉస్తే పరుగెత్తి ఇమోని తీసుకొచ్చాడు. ఇమో చేతికి ఇంకా డప్పు జిగురు అంటుకునే ఉంది. ఎదురుగా కూర్చుని ఆమె మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ దగ్గలేదు. నిమిషం అయ్యాక అంకె చెప్పలేదు. అది కొత్త. బల్ల కిందికి వంగి సీసా తీసి, ఎత్తునుంచి వంచి, గ్లాసు చాపాడు.

"ఇదిగోనండి."

"ఒంటికి పట్టాలండి" అన్నారు ఏడుగురూ.

ఇసింగ్ గ్లాసు అంచు చూసింది. ఒక్క ముత్యం లేదు. గటగటా తాగి, కళ్ళు గట్టిగా మూసి, ముక్కు ఎగబీల్చి, గుండె మీద చెయ్యి వేసుకుని, గొంతు నిప్పంటుకున్నట్టు పెద్దగా "హా" అంది.

నిజంగా సారా తాగినవాడు ఎవడూ అంత చెయ్యడు. ఆ మొహం తీబో చూశాడు. అది అచ్చంగా తన మొహం. పక్కకు తిరిగితే ఉస్తే కూడా ఆమెనే చూస్తున్నాడు, తన మొహం ఎక్కడో పారేసుకుని ఇక్కడ దొరికినవాడిలా. ఒకరి తర్వాత ఒకరు ఏడుగురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, ఏడుగురూ నేల చూపులు చూశారు. కాసేపటికి తీబో తన పట్టీ విప్పి జేబులో వేసుకుని, ఇమో వైపు చెయ్యి చాపాడు.

"నాది కూడా చూడు మాంగ్ ఇమో. తొందరేం లేదు."

మర్నాడు తెల్లవారుజామున ఇసింగ్ కిటికీ వెదురు రెక్క లేచింది. మంచుకు చల్లబడ్డ రెండు వేళ్ళు ఆమె మణికట్టు మీద ఆనాయి. ఆమె కదల్లేదు, మాట్లాడలేదు, నియమం ప్రకారం.

"తొంభై నాలుగు" అన్నాడు ఇమో.

"నిన్న తాగాను కదా."

"అవును. మొదటిసారి తాగినవాళ్ళకు అలాగే ఉంటుంది."

"ఎప్పటికి దిగుతుందంటారు?"

ఇమో ఆలోచించాడు. "మామూలు సారా అయితే మధ్యాహ్నానికి దిగాలి. మీరు తాగిన రకం నేనిదివరకు చూడలేదు. చెప్పలేను. రోజూ చూడాలి."

"ఏ ఊరేగింపు నడుస్తోంది మాంగ్ ఇమో?"

వీధి అవతల నుంచి ఉస్తే పెళ్ళాం కేకేసింది, ఇంత ఆలస్యమైతే ఎలా, మా ఆయన లేవకుండా నీకోసమే పడుకుని ఉన్నాడు, చేపలు తేవాలి, అని. వస్తున్నా అన్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.

"మళ్ళీ చూడాలి" అన్నాడు. "లెక్క తప్పాను."

నలభై ఏళ్ళు ఏ ఊరేగింపులోనూ ఒక్క దెబ్బ తప్పని మనిషి, కళ్ళు మూసుకుని, ఒకటి నుంచి మొదలుపెట్టాడు.