తోక ఊడే బల్లి

బొమ్మలక్క చేతులు చెక్క పలక అంచు మీద గరుకు కాగితం రుద్దుతూనే ఉన్నాయి. కిటికీలోంచి పడిన ఎండలో రంపపు పొట్టు కిందికి దిగాలో వద్దో తేల్చుకోలేనట్టు తేలుతోంది. కొట్టు ముందు భాగం వాళ్ళ అన్నయ్యది, వెనక మూల ఆమెది. బొమ్మలు విప్పి, మళ్ళీ బిగించి, ఈ బొమ్మలు చేసే పని తనంతట తానే నేర్చుకుంది.

"అక్కా, మా మేనకోడలికి అక్షరాల ఆట ఏదైనా చూడు. వచ్చేవారం బళ్ళో వేస్తున్నాం" అంది బస్సు కండక్టరమ్మ, భుజాన టికెట్ల సంచి దించకుండానే. ఆమె వెనక నాలుగేళ్ళ పిల్ల, చేతులు వీపు వెనక దాచుకుని.

"అక్షరం కనపడితే చాలు, ఇదిగో ఇలా దాచేస్తుంది. ఓసారి తప్పుగా రాసిందని వాళ్ళన్న పగలబడి నవ్వాడు. బళ్ళోనూ ఇంతేనేమోనని నాకు బెంగ."

ఇసుక గడియారమున్న ఆట పెట్టెను బొమ్మలక్క పక్కకు నెట్టింది. "ఇది తొందరపెడుతుంది."

బొమ్మలున్న పెట్టె తెరిచింది. పిల్ల బొమ్మ చూసి "ఏనుగు" అనేసింది. అక్షరాల ముక్కలను ముట్టుకోనేలేదు. ఆ పెట్టెకూ మూత పడింది.

"నీకు ఎవరంటే ఇష్టమే, బుజ్జీ?"

పిల్ల తలెత్తింది. దీపం పక్కన, గోడ మీద, లోకంతో పనిలేనట్టు ఒక బల్లి. చాలాసేపు దాన్నే చూసి, "బల్లి" అంది గుసగుసగా.

"ఛీ! మొదటి మాట అమ్మో, ఆవో నేర్పుతారు గానీ!" అంది కండక్టరమ్మ.

"అమ్మను పిలవడానికి నోరుందిగా. నువ్వు కాసేపు కూర్చో తల్లీ."

కండక్టరమ్మ పీట మీద కూర్చుని కునుకులోకి జారింది. రంపం సన్నగా పాడింది. పలక మీద తల, కాళ్ళు, తోక తేలాయి. కడుపు చోట గాడి తవ్వి, అందులో పట్టేలా రెండు లావు ముక్కలు కోసింది బొమ్మలక్క. ఒకదాని మీద 'బ', ఇంకోదాని మీద 'ల్లి'. అక్షరాలు లేకపోతే బల్లికి కడుపే లేదు.

"తోక ఊడిపోతే?" అంది పిల్ల కలలోంచి అడిగినట్టు.

బొమ్మలక్క చెయ్యి ఆగింది. "మళ్ళీ మొలుస్తుంది. బల్లికి అదేం కొత్త కాదు."

అంతలోనే తోకను కూడా కోసి విడదీసింది. గాడి కొలత మళ్ళీ సరిచూసి, ముక్కల అంచులు ఏటవాలుగా చెక్కింది. వరుస తప్పితే అవి ఒకదాంట్లో ఒకటి ఇమడక తోకను నెట్టేస్తాయి.

"ఊఁ, పెట్టు."

వీపు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చింది, తర్వాత రెండోది. ముందు 'ల్లి' పెట్టింది, తర్వాత 'బ'. తోక టప్పున నేలమీద పడింది. ఆ చప్పుడుకి కండక్టరమ్మ ఉలిక్కిపడి లేచి, పిల్ల చేతులకేసి చూసింది.

పిల్ల తోకను చూసింది, బొమ్మలక్కను చూసింది.

"ఊడింది!" కిలకిలా నవ్వింది.

"అయితే మొలిపించు."

ముక్కలు అటూ ఇటూ మారాయి. తోక ఒద్దికగా అతుక్కుంది. పిల్ల వేలితో తల నుంచి తోక దాకా తడుముతూ, "బల్లి" అంది, ఈసారి గట్టిగా.

"అత్తా, మళ్ళీ ఊడగొట్టనా?"

"ఇంటికెళ్ళాక నీ ఇష్టం, నా తల్లే!"

బొమ్మలక్క అరచేత్తో పొట్టు తుడిచి, పలకను పిల్ల రెండు చేతుల్లో పెట్టింది.