బోర్లించిన గిన్నె

మా ఆయమ్మ ఇక లేదన్న కబురు పోయిన నెలలో ఒక సాయంత్రం అయిదున్నరకు వచ్చింది. ఆ వేళకు నేను గదిలో నేల మీద, గోడల మీద నీళ్లు చల్లుతున్నాను. ఆత్మకూరు నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ పోయింది. మధ్యాన్నం అన్నం తిని పండుకునింది, ఇంక లేయలే" అంది. ఫోన్ పెట్టేశాక ఏం చేయాలో తోచలేదు. బకెట్‌లో ఇంకా సగం నీళ్లున్నాయి. ఆ సగమూ చల్లేశాను. అలా చల్లడం నాకు నేర్పింది ఆమే.

ఆయమ్మ మాకు చుట్టం కాదు. బేతంచెర్లలో మేము అద్దెకుండే ఇంటికి పక్కిల్లు ఆమెది. అంగన్‌వాడీలో చాలా ఏళ్లు ఆయాగా పనిచేసి దిగిపోయింది. మా వీధిలో పెద్దవాళ్లయిన సగం మందిని చిన్నప్పుడు మధ్యాహ్నాలు నిద్రపుచ్చింది ఆమే. మీసాలొచ్చిన వాళ్లు ఎదురైనా, పదిమంది ముందు, "రేయ్, నువ్వు బొటనేలు నోట్లో పెట్టుకొని పండుకునేటోడివి" అనేది. వాళ్లు తలొంచుకుని నవ్వుతూ పోయేవాళ్లు.

మా ఇంట్లో బడి మెట్టు ఎక్కినవాళ్లలో నేనే మొదటిదాన్ని. మా అమ్మ పత్తి చేలల్లో కూలికి పోయి నన్ను బీఎడ్ దాకా చదివించింది. ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. పాప పుట్టిన ఏడు నెలలకు మళ్లీ పనిలో చేరాను. పగలు పాపను ఆయమ్మ దగ్గర వదిలేదాన్ని. తొమ్మిదో నెల వచ్చేసరికి పాప రాత్రి నిద్రకు ఒక వేళంటూ లేకుండా పోయింది. ఒకరోజు తొమ్మిదికి, ఒకరోజు పదకొండుకు, మధ్యలో నాలుగుసార్లు లేవడం.

చదువుకున్నదాన్ని కదా, ఫోన్‌లో చూసి పట్టిక రాసుకున్నాను. ఏడు గంటలకు తలుపులు, కిటికీలు మూసి, చీకటి చేసి పడుకోబెట్టాలి. ఆ పట్టిక ఏ చల్లని ఊళ్లో వాళ్లు రాశారో. మేముండే ఇంటికి గోడలూ నాపబండలే, పైకప్పూ నాపబండలే. పగలంతా తాగిన ఎండను అవి సరిగ్గా చీకటి పడే వేళకే వదులుతాయి. మట్టి మిద్దెలో పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తట్టలేదు. పాప ఏడిస్తే నా పట్టుదల చాలడం లేదనుకుని, ఇంకా గట్టిగా కిటికీలు మూశాను.

బడిలో బోర్డు ముందు నిలబడే కునుకు తీసేదాన్ని. రెండుసార్లు ఆలస్యంగా పోతే, మూడోసారి అయితే వేరే వాళ్లను చూసుకుంటామన్నారు. వాళ్లు తీసేయకముందే నేనే మానేద్దామని ఒక ఆదివారం కూర్చుని ఉత్తరం రాస్తున్నాను.

"ఏం రాస్తాండావు టీచరమ్మా, ఆదివారం పూట గూడా?" అంటూ ఆయమ్మ వచ్చింది.

"రాజీనామా ఆయమ్మా. ఇంక నాతో కాదు."

ఆమెకు చదువు అంతంత మాత్రమే. అయినా కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మీయమ్మ ఎండలో పత్తి తీసింది ఈ కాగితం రాపిచ్చనీకా?" అంది. "పదైదు దినాలాగు. కాగితం యాడికీ పోదు. బిడ్డ నిద్ర సంగతి నేను సూస్తా."

ఆ సాయంత్రం ఏడింటికి మా గదిలోకి వచ్చి చెయ్యి తిప్పి వేళ్ల వెనక భాగం గోడకు ఆనించింది. నా చెయ్యి కూడా పట్టుకుని ఆనించింది. చురుక్కుమంది.

"ఇట్లుంటే నీకు నిద్రొస్తాదా?"

"రాదు."

"దానికి మాత్రం ఎట్లొస్తాది? ముందు బండ సల్లబడల్ల."

మర్నాటి నుంచి మా సాయంత్రాలకు ఒక వరుస వచ్చింది. అయిదున్నరకు కిటికీలన్నీ తెరిచి గోడలకు, నేలకు నీళ్లు చల్లడం. ఏడు దాటాక పాపకు ఒళ్లు కడిగి, స్టీలు గిన్నెలో రాగి జావ తాపడం. తర్వాత ఆ గిన్నెను కడిగి, మోకాలెత్తు కిటికీ గట్టు మీద టంగుమని బోర్లించడం. అంగన్‌వాడీలో పిల్లలు తిన్నాక ఆమె పళ్లేలు కడిగి వరుసగా అలాగే బోర్లించేదట. ఆ చప్పుడు వింటే చాలు, పిల్లలు చాపల మీదికి పోయేవాళ్లట. "బిడ్డకు గడియారం తెలీదు, వరస తెలుస్తాది" అనేది. ఎనిమిదికల్లా పాప చాప మీద ఉండాలి. పగటి నిద్రలు పొద్దున పదికొకటి, మధ్యాహ్నం ఒంటిగంటకొకటి. మూడు దాటితే లేపేసేది.

మొదటి నాలుగు రోజులు పాప ఏడ్చింది. నేను ఎత్తుకోబోతే గుమ్మంలో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న ఆయమ్మ, "ఎత్తుకోవాకు. పక్కన కూసో, ఈపు మీద చెయ్యెయ్యి. అది నిద్రతో కొట్లాడతాంది, నీతో కాదు" అంది. ఏడుపు రోజురోజుకూ తగ్గింది.

అయిదో రోజు పాప ఎనిమిది దాటగానే నిద్రపోయింది. అసలు చిక్కు అప్పుడు వచ్చింది. మా ఆయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఎనిమిదిన్నరకు వచ్చి, కాళ్లు కడుక్కోగానే పాపను లేపి ఆడించడం ఆయనకు అలవాటు. ఆ రోజూ వంగి పాపను ఎత్తబోయాడు.

"ఏమప్పా, బిడ్డ గూడా మీ పాలిష్ మిషన్ మాదిరి అనుకుంటివా, స్విచ్ ఏస్తే తిరగనీకి, ఆపితే ఆగనీకి?" అంది ఆయమ్మ.

"దినమంతా సూళ్లేదు ఆయమ్మా. నా బిడ్డను నేను ఎత్తుకోగూడదా?"

ఆ మాటకు ఆమె గొంతు తగ్గించింది. "ఎందుకెత్తుకోగూడదు? పొద్దన్నే ఆరుకు లేస్తాది. ఆరు నుంచి ఏడు దాకా నీదే. నీ పెండ్లాం గూడా అడ్డం రాదు."

అప్పటి నుంచి పొద్దున ఆ గంట ఆయనది. పాపను భుజం మీద కూర్చోబెట్టుకుని పాల కోసం పోయి వస్తాడు. ఇప్పటికీ.

పన్నెండో రోజుకు, గిన్నె చప్పుడు వినగానే పాప కళ్లు నలుపుకుంది. పదిహేనో రోజు ఆయమ్మ వచ్చి, "ఆ కాగితం యాడుండాది?" అని అడిగి తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి, కదులుతున్న మా బీరువా కాలు కింద దోపింది. బీరువా ఇప్పుడు కదలదు.

పళ్లొచ్చినప్పుడు, జ్వరమొచ్చినప్పుడు వరుస చెడిపోయేది. నేను కంగారు పడితే, "చెడిపోతే పోనీ. రేపు మాపటికి మళ్లా గిన్నె బోర్లిస్తే సరి" అనేది. ఆ మాట నాకు నిద్ర విషయంలోనే కాదు, బడిలో కూడా పనికొచ్చింది. ఇంత చెప్పిన మనిషి తాను మాత్రం ఏ వేళా పాటించేది కాదు. అన్నం నాలుగింటికి, టీ ఎప్పుడు పడితే అప్పుడు. అడిగితే, "నన్ను నిద్రబుచ్చేటోళ్లు ఎవురుండారు?" అని నవ్వేది.

ఈ ఎండాకాలం సెలవుల్లో, నేను ఇంట్లోనే ఉంటాను కదా అని, ఒంట్లో బాగాలేక కూతురి దగ్గరికి పోయింది. తిరిగి రాలేదు.

కబురొచ్చిన మర్నాడు ఆత్మకూరు పోయాను. మా ఆయన పనికి సెలవు పెట్టి పాపతో ఉన్నాడు. ఏడాదిన్నర పాపను ఆయన ఒక్కడే పడుకోబెట్టడం అదే మొదటిసారి. మట్టి వేసి, తిరుగు బస్సులో కూర్చున్నాక ఆయమ్మ మీద దిగులుతో పాటు అదీ దిగులే. ఇంటికి చేరేసరికి తొమ్మిదయింది. గుమ్మంలో కూర్చున్న మా ఆయన నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"పండుకునిందా?"

"ఎనిమిదికే."

"గిన్నె బోర్లిస్తివా?"

"నేను మర్సిపోయినా. జావ తాగతా తాగతా అదే ఎత్తుకొనిపోయి, కిటికీలో బోర్లిచ్చి, చాప మీదికి పొయ్యింది."

లోపలికి పోయి చెయ్యి తిప్పి గోడకు ఆనించాను. చల్లగా ఉంది. కిటికీ గట్టు మీద గిన్నె కొంచెం వాలుగా బోర్లించి ఉంది. అడుగున మిగిలిన జావ దాని అంచు కింద నుంచి కారి, నల్లబండ మీద సన్నని గుండ్రటి గీతలా ఆరుతోంది. నేను దాన్ని తుడవలేదు.