బోర్డులో కట్టిన రాగిరేకు

రాగిరేకు బరువెంత ఉంటాది? తమలపాకంత గూడా ఉండదు. దాన్నే ఇన్నేండ్లు మోసినాను.

నాకు సంతకం పెట్టేంత వరకే సదువు. నేను నోటితో సెప్తా ఉంటే ఒకరు రాస్తా ఉండారు. నా పేరు రాయొద్దన్నాను. అంత దైర్నం ఇంకా రాలేదు. నువ్వెవరో, యాడుండావో నాకు తెలీదు. తెలిసినోళ్ళ మొగం సూసి సెప్పలేకనే నీకు సెప్తా ఉండా.

మాది సిత్తూరు పక్కన. మామిడిగుజ్జు తీసే ఫ్యాక్టరీలో నేను ఊడ్చేదాన్ని, కడిగేదాన్ని. మా ఇంటాయన ఆడనే మిషన్లు తోలేవాడు. కాయల కాలం తప్ప ఏడాదంతా అది మూసే ఉంటాది. మూసిన ఇంట్లో ఏముంటాయి? బల్లులు, ఎలకలు, చెమ్మ. అందుకని కాయలు దిగకముందే కరెంటు బోర్డు తెరిచి బాగుసేసేదానికి మునిరత్నం వచ్చేవాడు. ఆయప్ప ఎలక్ట్రీషియను. బోర్డంటే మన ఇండ్లల్లో గోడకుండేది గాదు. మనిషెత్తు ఇనుప బీరువా. దాని లోపల రాగి కమ్మీలు, ఒకదానికొకటి తగలకుండా పక్కపక్కన ఉంటాయి.

ఆయప్ప పని సూడాల. ముందర బయట ట్రాన్స్‌ఫార్మరు కాడ కరెంటు తీసి, దానికి తాళమేసి, ఆ తాళంచెవి జేబులో పెట్టుకునేవాడు. దుమ్ము ఊది, నట్లన్నీ బిగించి, ఎలక దూరే సందులు మూసి, చేత్తో తిప్పే మెగ్గరు పెట్టి, చెమ్మకు కరెంటు యాడన్నా కారతాదేమో సూసేవాడు. పనిముట్లు తువ్వాల మీద పరుచుకునేవాడు. పనైపోయినాక ఒక్కోదాన్నీ తడిమి సూసి, అన్నీ తువ్వాల మీదికి వస్తేనే తలుపు మూసేవాడు.

ఆ ఏడు గూడా అట్లే మూసినాడు. మర్నాడు పూజ. నేను గది కడగాల, ముగ్గెయ్యాల, బోర్డు తలుపుకు పసుపూ కుంకుమా పెట్టాల. గది తాళంచెవి, బోర్డు తాళంచెవి రెండూ ఒకే రింగుకు ఉండేవి. అది నా చేతికిచ్చినాడు.

"కొంగుకు కట్టుకో వదినా. అన్నకిస్తే బీడీకట్టతో పాటు యాడన్నా పారేసుకుంటాడు. బొట్లు తలుపు బయటే పెట్టు. లోపలికి ఈగ దూరినా నేను మళ్ళీ మొదట్నుంచీ సూడాల్సిందే."

నవ్వినాను. సరేలేప్పా అన్నాను.

మొదటిసారి లివరెత్తేది ప్రతి ఏడూ మా ఇంటాయనే. లివరెత్తితేనే కమ్మీల్లోకి కరెంటొస్తాది. అప్పుడు దబ్బుమని ఒక సప్పుడు. ఆ సప్పుడుకు నా పానం ఎగిరిపొయ్యేది. ఆ ఏడు కొండకు పోతా అలిపిరి కాడ ఒకామె దగ్గిర మంత్రించిన రాగిరేకు తీసుకున్నా. గడపకు కడితే ఇంటికి కాపు, బండికి కడితే బండికి కాపు అన్నింది. నేను బోర్డుకు కడదామనుకున్నా. బయట కడితే అందరూ నవ్వుతారని సిగ్గు. తలుపు తీసినా. కమ్మీలకు పైన ఒక బోల్టు ఉంటే, దానికి పసుపుదారంతో కట్టినా. దండం పెట్టినా. మూసినా.

రాగి మీద రాగి పడితే ఏమైతాదో నాకు తెలీదు. అది నిజం. తలుపు తెరవకూడదని తెలుసు గదా? తెలుసు. అదీ నిజమే.

మర్నాడు గుమ్మడికాయ కొట్టినారు, కర్పూరం ఎలిగించినారు. మా ఇంటాయన లివరు మీద చెయ్యేసినాడు. మునిరత్నం ఆయన్ను భుజం పట్టి పక్కకు లాగినాడు. "ఉండన్నా. బోర్డు సూసినోడే మొదట ఎయ్యాల. నువ్వు పొయ్యి టెంకాయ చిప్పలు ఏరుకో" అన్నాడు. అందరూ నవ్వినారు.

లివరెత్తినాడు. పిడుగు పడినట్టు ఎలుగు. బోర్డు తలుపు ఊడొచ్చి కింద పడింది. ఆ లివరు అదురుకే దారం జారి, రేకు కమ్మీల మీద పడుంటాది. ఆయప్ప కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపొయ్యింది.

ఇప్పుడు సెప్పేది ఇంతవరకూ ఎవరికీ సెప్పలేదు, దేవుడికి గూడా. ఆయప్ప కింద పడి అరస్తా ఉన్నాడు. పక్కన మా ఇంటాయన ఏమీగాకుండా నిలబడి ఉండేది సూసినా. సూసి ఏమనుకున్నా? రేకు పంజేసింది అనుకున్నా.

అట్లాంటిదాన్ని నేను.

బోర్డు అడుగున కరిగిపోయిన రాగిముద్ద దొరికింది. బయటినుంచి వచ్చిన ఇంజినీరు దాన్ని సూసి, బాగుసేసినోడు వైరుముక్క లోపల మరిచిపోయినాడు అన్నాడు. నేను ఆడనే చీపురు పట్టుకోని నిలబడి ఉండా. కింద రాలిన మసి ఊడ్చుకుంటా పోయినా.

ఆసుపత్రికి పోయినప్పుడు ఆయప్పే అడిగినాడు.

"వదినా, నేను తలుపేసినాక ఎవరన్నా తీసినారా?"

"లేదప్పా. చెవి నా కొంగుకే ఉన్నింది."

కట్టు కట్టిన చేతిని దిండు మీద సర్దుకున్నాడు. "అట్లయితే నేనే మరిచిపోయుంటా" అన్నాడు.

తాళంచెవి నాకిచ్చినట్టు ఓనరుకు ఆయప్ప సెప్పనేలేదు. సెప్పింటే నన్ను పనిలోనుంచి తీసేస్తారని. నన్ను కాపాడినాడు. నేనేం సేసినా? ఆయప్ప అడిగిందానికి ఒక్క మాట నిజం సెప్పలేకపోయినా. పని పోతాదనా, మా ఇంటాయన కొడతాడనా, ఊరు ఉమ్మేస్తాదనా? అవన్నీ తర్వాత నాకు నేను సెప్పుకున్న సాకులు. అప్పుడు అబద్దం దానంతటదే వచ్చింది, తేలిగ్గా. అదే నాకు బయం.

మా ఇంటాయన పోయేదాకా ఆయప్పను తిడతానే ఉన్నాడు. "వాడి అజాగ్రత్తకు నేను సావాల్సినోణ్ణి" అనేవాడు. పక్కన కూసోని నేను ఊ కొట్టేదాన్ని.

మునిరత్నం ఇప్పుడు పలమనేరులో కూతురింట్లో ఉండాడు. ఆవుల్ని సూసుకుంటాడు. ఇంట్లో బల్బు మార్చాలన్నా పక్కింటోళ్ళని పిలస్తాడంట. తలుపుకు తాళమేసి, నాలుగడుగులు పొయ్యి, మళ్ళీ తిరిగొచ్చి లాగి సూస్తాడంట. ఒక పెండ్లిలో ఆయప్ప పెండ్లాం నా పక్కన కూసోని సెప్పింది. "ఆయన మీద ఆయనకే నమ్మకం పోయిందక్కా" అన్నింది. నా ఇస్తరాకులో అన్నం అట్లే ఉండిపోయింది.

ఆ నమ్మకం తీసింది ఎవరు?

క్షమించమని అడగను. అడిగే మొగం లేదు. ఆయప్ప పేరు మాత్రం దాయొద్దన్నాను, ఆ పేరు మీద పడిన మచ్చ నాది గాబట్టి. ఆసుపత్రిలో అడిగినదానికి జవాబు బాకీ ఉండాది. అది నేను అన్నట్టే రాయమన్నాను.

తీసినా మునిరత్నం. నువ్వు తలుపేసినాక నేనే తీసినా. నీ పనిముట్లన్నీ తువ్వాల మీదికి వచ్చినాయి.