అంచు మీద ఇల్లు

నా మాటల్లో సగం కోసేసి వినాలని మీ అందరికీ తెలుసు. ఇది మాత్రం కోయకండి. అన్నం మీద ఒట్టు... ప్రతి అక్షరం నిజం.

యూటా ఎడారి. నేను, మా ఆవిడ సుధ, అరోరా అనే ఊరి నుంచి వచ్చిన మా బావమరిది రమణ. అద్దెకు తీసుకున్న ఆర్వీని, అదే, ఇల్లులాంటి వ్యాన్‌ని, క్యాంపులో నిలిపి, బయటి లైటు వేసే ఉంచి, సాయంత్రం రాతి తోరణాలు చూడడానికి నడిచాం. కిందంతా ఉత్త ఎర్ర బండ. అడుగు వేస్తే గుర్తు మిగలదు. అక్కడక్కడా మాత్రం రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

"ఏవండీ, ఇక్కడ కూడా ఇల్లు కావాలని మొక్కుకుంటారా!" అంది సుధ. మన కొండ గుళ్ల దగ్గర సొంతింటి కోసం పేరుస్తామే, అలాంటివే అనుకుంది.

ఇంకేం! రమణకి గ్రీన్‌కార్డ్ రాలేదు, ఇల్లూ కుదర్లేదు. కనబడ్డ చోటల్లా రాళ్లు పేర్చాడు. ఆఖరిది సరిగ్గా లోయ అంచున.

"అక్కడెందుకురా?"

"వ్యూ ఉన్న ఇల్లు కావాలి బావా. కాంప్రమైజ్ అయ్యేదే లేదు."

అవి మొక్కులు కావని, దారి తప్పకుండా పెట్టిన గుర్తులని చీకటి పడ్డాక, తిరుగు దారి వెతుక్కుంటుంటే తెలిసింది. గుర్తుల మధ్య ఇప్పుడు రమణ ఇళ్లు. ఏది దారి? ఏది మనది? పగలంతా వీడియోలు తీసి ఫోన్లు చంపేశాం. చుక్కల వెలుగే దిక్కు. గాలి లేదు... పురుగు కూత కూడా లేదు.

"అదిగో, అక్కడొకటుంది. వచ్చేయండి!" రమణ ముందుకు ఉరికాడు.

"మెల్లిగా వెళ్లరా!" సుధ అరిచింది.

అప్పుడు...

టక్.

రాయి మీద రాయి పెట్టిన చప్పుడు. మా వెనక. మెత్తగా... జాగ్రత్తగా... పడిపోకుండా చూసుకుని పెడతామే, అలా.

రమణ ఆగిపోయాడు.

టక్.

"బావా... నువ్వేనా?"

వాడు వెనక్కి తిరగబోయాడు. కాలికి తగిలిన గులకరాయి ఒకటి ముందుకు దొర్లింది. అది కింద పడ్డ చప్పుడు... చాలాసేపటికి వినిపించింది.

వాడు నిలబడింది, వాడు కట్టుకున్న ఆఖరి ఇంటి ముందు.

చప్పుడు వచ్చిన వైపే నడిచాం. ఇంకెటు వెళ్తాం? అక్కడ రాళ్లు పేర్చి ఉన్నాయి. మనిషి లేడు. అక్కడి నుంచి చూస్తే, దూరంగా మా ఆర్వీ లైటు.

లోపలికి వచ్చి తలుపేసుకున్నా రమణ భయం తీరలేదు. గడియ పడిందో లేదో మళ్లీ మళ్లీ చూసుకున్నాడు.

"బావా, నిజం చెప్పు. ఆ చప్పుడు చేసింది నువ్వే కదా? నీ వేషాలు నాకు తెలీవా!"

"నేనేరా. అరిస్తే బెదిరి ముందుకు పడతావని..." అన్నాను.

నోటికొచ్చినవన్నీ తిట్టాడు. నవ్వాడు. ముసుగు తన్ని గుర్రుపెట్టాడు.

ఒట్టేశాను కాబట్టి ఒప్పుకోవాలి. ఇందులో నేను కల్పించింది వాడికి చెప్పిన ఆ ఒక్క మాటే. చప్పుడు అయినప్పుడు నా రెండు చేతులూ సుధ చేతుల్లో ఉన్నాయి.

వాడు నిద్రపోయాక ఆవిడ నా చెవి దగ్గర మెల్లిగా అడిగింది. "ఏవండీ... మన వెనక ఎవరున్నారు?"

నాకు ఏ కథా తోచలేదు.