మాల తీసిన మర్నాడు

నేను నా భార్యను కొట్టేవాణ్ణి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆలస్యంగా చెబితే అప్పటికే మీరు నా మీద జాలిపడి ఉంటారు. ఆ జాలి నాకొద్దు.

మాది పుంగనూరు. మా నాయన కూలికి పోయి నన్ను చదివించాడు. మదనపల్లెలో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు పని దొరికింది. పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం దిగి బస్టాండు దగ్గర క్వార్టరు వేసుకుని ఇంటికి రావడం. ఆఫీసులో పదిమందికి సార్ సార్ అంటూ వంగిన నడుము ఇంటి గడప దాటగానే నిటారుగా లేచేది. కూరలో ఉప్పు ఎక్కువైనా చాలు, బిడ్డ ఏడ్చినా చాలు. మర్నాడు పొద్దున మాత్రం కాళ్లావేళ్లా పడేవాణ్ణి. "నేను కాదు మే, మందు కొట్టిండేది" అనేవాణ్ణి. ఆమె తలూపేది. నమ్మిందనే అనుకున్నాను. అంతకంటే ఘోరం, నేనూ నమ్మాను.

ఆ యేడు కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాను. మా ఆఫీసులో డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయన మదనపల్లెలో గురుస్వామి. మాల వేసేదీ తీసేదీ ఆయనే. భక్తితో వేసుకున్నానని అబద్ధం చెప్పను. చేతులు వణకడం మొదలైంది, డాక్టరు లివరు పేరెత్తాడు, భయపడ్డాను.

మాల వేసుకున్నవాణ్ణి నలభై ఒక్క రోజులు ఊరంతా స్వామీ అని పిలవాల్సిందే, కట్టుకున్న భార్యతో సహా. నేను ఆమెను మాతా అనాలి. నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, చాప మీద పడక, కాళ్లకు చెప్పుల్లేవు. మొదటి వారం నరకం చూశాను. బస్సు దిగితే నాలుక పీకేది. శరణమయ్యప్పా అని గొణుక్కుంటూ, పళ్లు బిగించి, వైన్‌షాపు దాటేవరకు పరుగులాంటి నడక నడిచేవాణ్ణి. ఆఫీసులో ఒకడు "ఏం సామీ, ఒక పెగ్గు నైవేద్యం పెడ్దునా?" అని ఎకసెక్కాలాడితే నవ్వి ఊరుకున్నాను. ఒట్టు, ఆ నవ్వు నాది కాదు, దేవుడిచ్చిందే. పదిహేను రోజులకు చేతి వణుకు తగ్గింది. ఇంట్లో నా గొంతు లేవలేదు. అప్పుడు మా కూతురికి ఆరేళ్లు. అంతవరకు నేనొస్తే మంచం కిందికి దూరే పిల్ల, సామీ సామీ అంటూ వెంట తిరిగింది. నా చాప పక్కనే తన చాప వేసుకుంది.

యాత్రకు కుప్పంలో రైలెక్కాం. కుప్పం మా అత్తగారి ఊరు. ఏడాది పొడుగునా నా పాడె లేవాలని తిట్టిన మా అత్త స్టేషనుకొచ్చి, అందరి ముందూ వంగి నా కాళ్లకు మొక్కింది. అడ్డు చెప్పలేదు నేను. సిగ్గులేని జన్మ! ఛాతీ ఉబ్బింది కూడా. గెలిచేశాను అనుకున్నాను.

తిరిగొచ్చాక గురుస్వామి మాల తీశాడు. ఆ సాయంత్రం వైన్‌షాపు వైపు కన్నెత్తి చూడలేదు. మర్నాడు ఆదివారం. పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని వాకిట్లో కుర్చీలో కూర్చున్నాను. యాత్ర ముచ్చట్లు వినడానికి పక్కింటాయన వచ్చాడు. నా కూతురు చెంబుతో నీళ్లు తెచ్చి, "సామీ, నీళ్లు" అంది.

పక్కింటాయన పకపకా నవ్వాడు.

"మాల తీసేసినారు గదమ్మా. ఇంగ నాయనా అనల్ల" అన్నాను.

పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఊహూ. సామీ."

గట్టిగా చెప్పాను. మళ్లీ అదే మాట. పక్కింటాయన నవ్వు ఆపడం లేదు. లోపలినుంచి నా భార్య వచ్చింది. "పోనీలే, ఇంగా కొన్నాళ్లు అట్లే పిల్చుకోనీ. సామీ అంటే నువ్వు కొట్టవని దాని నమ్మకం" అంది.

ఆ మాట ఆయన ముందు అంది. అంతే, చెంప మీద కొట్టాను. పిల్ల చేతిలో చెంబు కింద పడింది. పక్కింటాయన ఏమీ చూడనట్టు లేచి వెళ్లిపోయాడు.

నా ఒంట్లో చుక్క మందు లేదు. నా భార్య ఏడవలేదు. చెంప పట్టుకుని నన్నే చూస్తూ, "తాగి కొట్నప్పుడు సీసాను తిట్టుకుంటాంటివి. ఇప్పుడు ఎవుర్ని తిట్టుకుంటావు?" అంది.

దయ్యం సీసాలో ఉందనుకుని ఇన్నాళ్లూ దాంతో పోట్లాడాను. ఆ దయ్యం నేనే. తాగకముందూ నేనే, తాగిన తర్వాతా నేనే.

సోమవారం గురుస్వామి ఇంటికి పరుగెత్తాను. జరిగింది చెప్పి, "మళ్లా మాల ఎయ్యండి సామీ, ఈసారి యాడాదంతా తియ్యను" అని బతిమాలాను.

"ఎయ్యను" అన్నాడు. "మాల ఎనకాల దాంకుంటావా? ఊరంతా కాళ్లకు మొక్కతాంటే మంచోడుగా ఉండేది ఏం గొప్పప్పా? పో. మెడలో ఏమీ లేకుండా నలబై ఒక్క దినాలు ఉండు. ఎవురికీ చెప్పొద్దు. నోరు లేసినా, చెయ్యి లేసినా మళ్లా మొదుట్నుంచి."

"దేవుడు తోడుండడా సామీ?"

"ఉంటాడు. చెయ్యి మాత్రం నీదే గదా, పట్టుకోవాల్సింది నువ్వే."

ఆ దీక్షకు నల్లబట్టల్లేవు, పలకరించి దణ్ణం పెట్టేవాళ్లు లేరు. పొద్దున చన్నీళ్లు పోసుకుని, శరణం చెప్పుకుని బస్సెక్కేవాణ్ణి. తొమ్మిదో రోజు ఆఫీసరు ఫైలు మొహాన విసిరాడు. ఇంటికొచ్చి, నీళ్లు కాగలేదని అరిచాను. మళ్లీ ఒకటి. పంతొమ్మిదో రోజు కంచం విసిరాను. మళ్లీ ఒకటి. అట్లా ఐదుసార్లు మొదటికొచ్చాను. కోపానికి ముందు గొంతు కింద ఒక వేడి పుడుతుంది. దాన్ని గుర్తుపట్టడానికే నాకు నెలలు పట్టింది. గుర్తుపట్టాక, అది పుట్టగానే దేవుణ్ణి తలుచుకుని వాకిట్లోకి పోయి నిలబడేవాణ్ణి. ఎండలో, వానలో, చుట్టుపక్కలవాళ్లు పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తుంటే.

కడకు నలభై ఒకటి నిండాయి. ఆ రోజు ఆఫీసుకు సెలవు, మధ్యాహ్నానికి ఆగలేకపోయాను. బిడ్డ అక్కడే ఆడుకుంటోంది. పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్న నా భార్య పక్కన కూర్చుని చెప్పేశాను. "నలబై ఒక్క దినాలు మే. ఒగ దినం గూడా నోరు లెయ్యలేదు. గమనించినావా?"

ఆమె కెలకడం ఆపలేదు. "గమనించకుండా ఎట్లుంటాను? నలబై రెండో దినం ఏం సేస్తావో సూడల్ల" అంది.

ఒక్క మంచి మాట అనచ్చు గదా! గొంతు కింద వేడి పుట్టింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాను. అయ్యప్పా, అయ్యప్పా అనుకున్నాను. ఆమె అది చూసింది. కంచంలో ముద్ద పెట్టి నా ముందుకు జరిపింది. బిడ్డను మాత్రం పక్క గదిలోకి పంపి, తలుపు వేసింది.