జీను కింద పట్టుగుడ్డ

గుర్రాలు సకిలిస్తాయి, వీరుడు నేలకొరుగుతాడు, బంధుజనం హాహాకారాలు చేస్తారు. అలాంటి వీరగాథ ఒకటి చెప్పబోతున్నాను, కాస్త సర్దుకుని కూర్చోండి. నిజానికి అంత అవసరం లేదు. గుర్రం ఒక్కటే, అది సకిలించలేదు. వీరుణ్ణి నేనే. యుద్ధభూమి భవానీపురంలో మా పెదనాన్న ఇంటి ముందు సిమెంటు రోడ్డు. దండయాత్ర సాగిన దూరం మూడడుగులు.

ఆ రోజు పెదనాన్న కొడుకు, అంటే మా అన్నయ్య పెళ్లి. నాలుగు వీధుల అవతలున్న కల్యాణమండపానికి మధ్యాహ్నం నాలుగింటికి ఊరేగింపు. మా తాతలెవరూ గుర్రమెక్కి పెళ్లికి వెళ్లలేదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతికినవాళ్లు. కానీ ఈమధ్య బెజవాడలో పెళ్లికొడుకు కారు దిగితే ఫొటో బాగా రాదట. అందుకని గుర్రం వచ్చింది.

దానికి మా ఇంటి ఆచారం తోడైంది. పెళ్లికొడుకు ఎక్కడ కూర్చున్నా అతని కింద మా మగ్గం మీద నేసిన గుడ్డే ఉండాలి. పీట మీద పరుస్తాం, కుర్చీ మీద పరుస్తాం. పీట ఎక్కడికీ నడిచి వెళ్లదు కాబట్టి ఇన్నేళ్లూ ఎవరికీ ఏమీ కాలేదు.

గుర్రాన్ని తెచ్చినాయన దాని వీపున గరుకు కంబళి వేసి, పైన జీను పెట్టాడు. బట్టలకొట్టు నడిపే మా పెదనాన్న ఆ కంబళిని చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఏంటయ్యా ఇది, గచ్చు తుడిచే గుడ్డలాగుంది? తియ్, తియ్. మా పట్టుగుడ్డ వేస్తాం."

"అది తియ్యకూడదండీ. గరుగ్గా ఉంటేనే జీను కదలకుండా ఉండిద్ది. పట్టు ఏస్తే జారిపోద్దండీ."

"పట్టు సంగతి నాకు చెప్తావా? నలభయ్యేళ్ల నుంచి అమ్ముతున్నా!"

ఇక్కడ నా ఒళ్లు మండింది. కొట్లో పట్టుచీరల దొంతర పక్కన గట్టిగా తుమ్మితే కూలిపోతుందని మమ్మల్ని తిట్టేది ఈయనే. ఆ పట్టునే గుర్రానికీ జీనుకీ మధ్య పెట్టి, పైన కన్నకొడుకును కూర్చోబెడతాడట. పోనీ జీను మీద కప్పండి అంటే, అన్నయ్య పంచె కింద దాగిపోయి జరీ అంచు కనపడదట. ఆడపెళ్లివారికి అంచు కనపడాలి. పెళ్లికొడుకు కనపడకపోయినా ఫరవాలేదు.

"తెమలండయ్యా, టైమైపోతోంది!" అని పెదనాన్న తొందరపెడుతుంటే, గుర్రమాయన జీను దింపి, కంబళి తీసి పట్టు వేసి, మళ్లీ జీను బిగించాడు.

అన్నిటికన్నా నాకు అన్నయ్య మీద ఎక్కువ కోపం వచ్చింది. ఇబ్రహీంపట్నం పవర్‌ప్లాంటు పనుల దగ్గర సేఫ్టీ చూసే మనిషి. నడుముకు బెల్టు లేకుండా నిచ్చెన ఎక్కినవాణ్ణి గేటు బయటికి పంపేస్తాడు. అలాంటివాడు బుగ్గన చుక్క పెట్టుకుని, మడమల్లేని కొత్త జోళ్లు వేసుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు.

"అన్నయ్యా, నీ సైట్లోకైతే ఈ గుర్రాన్ని రానిస్తావా?"

"ఊరుకోరా. నాలుగు వీధులేగా."

"అయితే ముందు నేనెక్కి చూస్తా."

"పెళ్లికొడుకువి నువ్వట్రా?" అంది పెద్దమ్మ.

"కాదు పెద్దమ్మా, అందుకే. నాకేం విరిగినా ముహూర్తం మారదు."

"శుభమా అని బయల్దేరుతుంటే వీడి నోట్లోంచి ఒక్క మంచిమాట రాదు!"

నా స్కూటర్ హెల్మెట్ పెట్టుకున్నాను. బ్యాండువాళ్లు వాయించడం ఆపి మరీ నవ్వారు. ఎక్కాను. మొదటి అడుగు బాగానే ఉంది. రెండో అడుగుకి వీధి కొంచెం ఎడమకు ఒరిగింది. మూడో అడుగుకి జీను, పట్టుగుడ్డ, నేను కలిసికట్టుగా గుర్రం పక్కకు దిగిపోయాం. బీరువా మీద నుంచి పరుపు జారినంత నెమ్మదిగా పడ్డాను. సిమెంటుకి ఆ మర్యాదలు తెలియవు. ముందు భుజం తగిలింది, తర్వాత హెల్మెట్. కాలు పెట్టే ఇనుప రికాబులో నా చెప్పుకాలు చీలమండ దాకా దూరిపోయి పైనే వేలాడింది. అప్పుడు డప్పు మీద ఒక్క దెబ్బ పడి గుర్రం బెదిరి ఉంటే, పెళ్లికి అందరికంటే ముందు ఈడ్చుకుంటూ వెళ్లేవాణ్ణి నేనే. గుర్రమాయన కళ్లెం వదల్లేదు. గుర్రం కదల్లేదు. అక్కడున్న మా అందరిలో బుద్ధిగా ఉన్నది అదొక్కటే.

"అయ్యయ్యో, అంచుకి మట్టయిందా?" అన్నాడు పెదనాన్న.

"ఎదురింటావిడ పొద్దుట్నుంచీ బాల్కనీలోంచి చూస్తానే ఉంది. దిష్టి! గుమ్మడికాయ తెండర్రా!" అంది పెద్దమ్మ.

జీను గుర్రం పొట్ట కింద వేలాడుతోంది. వంగి దాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. గుర్రమాయన నా కాలు విడిపించాక, భుజం ఎముక లోపల కిర్రుమంటుంటే నేను అరుగు మీద కూర్చున్నాను. గుర్రానికి హారతిచ్చి గుమ్మడికాయ పగలగొట్టారు. ముక్కలు రోడ్డంతా చిందాయి. ఇక గుర్రం కాళ్లు జారడానికి కూడా ఏర్పాట్లు పూర్తయ్యాయి.

అప్పటికి అన్నయ్య నా దగ్గరికి వచ్చాడు. నా భుజం చూశాడు, గీసుకుపోయిన హెల్మెట్ చూశాడు. వెళ్లి కంబళి తెచ్చాడు.

"నాన్నా, ఇది వేస్తేనే ఎక్కుతా. లేదంటే నడిచొస్తా."

"ఇంతమందిలో నా పరువు తీస్తావట్రా?"

"వాడికి ఎక్స్‌రే తీశాక పరువు సంగతి చూద్దాం."

పెదనాన్న పట్టుగుడ్డ దులిపి, కొట్లో లాగే మడత మీద మడత పెట్టి, తన భుజాన వేసుకున్నాడు. అన్నయ్య జోళ్లు విడిచి, రికాబులో కాలు దూరిపోకుండా మడమలున్న ఆఫీసు బూట్లు తొడుక్కున్నాడు. నాకోసం ఆటో వచ్చింది, కానీ అన్నయ్య ఎక్కడం చూడకుండా కదలనన్నాను.

గుర్రమాయన కంబళి వేసి, జీను పెట్టి, పొట్ట కింద తోలుపట్టీ బిగించాడు. అన్నయ్య ఎక్కబోతే ఆగమన్నాడు. గుర్రాన్ని నాలుగడుగులు నడిపించి తెచ్చి పట్టీ కింద చెయ్యి పెట్టాడు. అరచెయ్యి మొత్తం దూరింది. మళ్లీ లాగి బిగించాడు.

"ఇందాక బిగించారుగా?" అన్నాను.

"బిగించేటప్పుడు గాలి పీల్చి పొట్ట ఉబ్బించిద్దండీ. నడిస్తే వదిలేసిద్ది. ఇందాక నడిపించనిచ్చారా?"

ఇందాక నడిపించారు. నేను పైన ఉండగా.

అన్నయ్య ఇరవై నిమిషాల్లో మండపం చేరాడు. దారిలో ఏమీ జరగలేదు. జీను పట్టీని రెండుసార్లు బిగించాలి: వేసినప్పుడొకసారి, నాలుగడుగులు నడిపించాక ఇంకోసారి.